దంచినమ్మకు బొక్కిందే కూలి

మా ఇంట్లో ఇండియా ప్రయాణమంటే ఇరవై ఏళ్ళుగా ఒకటే పద్ధతి. డెట్రాయిట్‌లో విమానం ఎక్కడం, హైదరాబాదులో దిగడం, చుట్టాల ఇళ్ళు, పెళ్ళిళ్ళు, చీరల కొట్లు, తిరిగొచ్చేటప్పుడు నాలుగు పొరల ప్లాస్టిక్ చుట్టిన ఆవకాయ సీసాలు. అలాంటిది 2024 జూన్‌లో మా వారు కొత్త పాట ఎత్తుకున్నారు. "ఆగస్టులో పెద్దది కాలేజీకి వెళ్ళిపోతుంది. నలుగురం కలిసి చేసే ప్రయాణం మళ్ళీ ఎప్పటికో! దారిలో నాలుగు రోజులు థాయిలాండ్‌లో ఆగుదాం" అన్నారు.

ఎవరికేం కావాలో ఒక్కొక్కటి చెప్పమన్నారు. మా పన్నెండేళ్ళ వాడు ఏనుగులన్నాడు. నేను గుళ్ళన్నాను. మా అమ్మాయి మాత్రం "నాకు కుకింగ్ క్లాస్" అంది.

నాకు నవ్వొచ్చింది. ఇంట్లో గరిటె ముట్టుకోని పిల్ల, పరాయి దేశం వెళ్ళి డబ్బిచ్చి వంట నేర్చుకుంటుందట! పైకి అనేశాను కూడా. తను ఏమీ మాట్లాడకుండా ఫోన్‌లోకి తల దించేసుకుంది. గరిటె ముట్టుకోనివ్వనిది నేనే కదా అన్న సంగతి నాకు ఆ క్షణాన గుర్తు రాలేదు. ఆ కథ కాస్సేపట్లో చెప్తాను.

బ్యాంకాక్ నుంచి ఉత్తరంగా ఓ ఏడు వందల కిలోమీటర్లు వెళ్తే చియాంగ్ మై. 1296లో కట్టిన ఊరు. పాత ఊరు చుట్టూ చతురస్రంగా నీళ్ళ కందకం, అక్కడక్కడ శిథిలమైన ఇటుక గోడలు, వీధికో బౌద్ధాలయం. వంట క్లాసు మొదలయ్యేది వంటింట్లో కాదు, బజారులో. పొద్దున్న తొమ్మిదింటికి కందకం పక్కనున్న సోంఫెట్ మార్కెట్ దగ్గర మా చేతులకి తలో వెదురుబుట్ట ఇచ్చారు. మేము నలుగురం, ఒక జర్మన్ జంట, కొరియా నుంచి ఒంటరిగా వచ్చిన ఒక కుర్రాడు. నేర్పే ఆవిడకి నలభై ఏళ్ళుంటాయి. "నన్ను ఖ్రూ అని పిలవండి" అంది. ఖ్రూ అంటే టీచరు. మన 'గురు' శబ్దమే అలా మారిందట!

అది మొదలు మా వాడికి ఆటైపోయింది. ఆహారాన్ని వాళ్ళు 'ఆహాన్' అంటారు. రుచిని 'రోత్' అంటారు. అది సంస్కృతంలోని 'రస'. మన రోతకీ దానికీ ఏ సంబంధమూ లేదు సుమండీ! శాకాహారాన్ని 'మంగ్సవిరత్' అంటారు. నిదానంగా పలికి చూడండి, మాంస విరతి! పదిమాటల్లో ఒక మాట చుట్టరికం కలుపుతుంటే ఆ బజారు నాకు పరాయిగా అనిపించలేదు.

ఒక బల్ల మీద అల్లంలాగే ఉండి, ఇంకా తెల్లగా, గట్టిగా ఉన్న దుంపలు పేర్చి ఉన్నాయి. ఇంగ్లీషులో గలంగల్ అంటారు. వాసన చూడగానే పోల్చుకున్నాను, దుంపరాష్ట్రం! చిన్నప్పుడు దగ్గొస్తే మా నాయనమ్మ కషాయంలో వేసేది. మనకి మందుకొట్లో దొరికే వస్తువు వాళ్ళకి రోజూ కూరలోకి. కొత్తిమీర కట్టలు వేళ్ళతో సహా అమ్ముతున్నారు. మనం కోసి పారేసే ఆ వేళ్ళే వాళ్ళకి ముఖ్యం. కడిగి, ముద్దలో నూరతారు. ఆ పక్కనే తులసి, కట్టలు కట్టలుగా. వాళ్ళు 'కప్రావ్' అంటారు. మిరపకాయలు, వెల్లుల్లి వేసి మాంసంతో కలిపి వేయిస్తారు. మా అత్తగారు చూస్తే ఏమైపోయేవారో! "మీరు దీంతో ఏం వండుతారు?" అని ఖ్రూ అడిగింది. "వండం. దణ్ణం పెట్టుకుంటాం" అన్నాను. ఆవిడ నా బుట్టలో వెయ్యబోయిన కట్టని రెండు చేతులతో మెల్లిగా వెనక్కి పెట్టి, వేరే రకం ఆకు తీసుకుంది. నేనేమీ అడక్కుండానే.

నేను ఒక్కదాన్నే పూర్తి శాకాహారిని. మా వారూ పిల్లలూ బయట కోడి తింటారు, నేను చూడనట్టు ఊరుకుంటాను. థాయిలాండ్‌లో శాకాహారులకి అసలు చిక్కు మాంసంతో కాదు, చేపల సాస్‌తో. మనం ఉప్పు వేసినట్టు వాళ్ళు అన్నింట్లో అది వేస్తారు. ముక్కలు లేవు కదా అని తింటే పప్పులో కాలేసినట్టే. మీరు వెళ్తే 'జే' అన్న మాట గుర్తుంచుకోండి. చైనా బౌద్ధుల ఆచారం నుంచి వచ్చిన మాట. జే వంటలో చేపల సాసూ, గుడ్లూ ఉండవు సరికదా, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. అలాంటి హోటళ్ళ బయట పసుపు జెండా మీద ఎర్రటి అక్షరాలు ఉంటాయి, చూడ్డానికి 17 అంకెలా ఉంటాయి. మా ఖ్రూ నాకు చేపల సాస్ బదులు సోయా సాస్, రొయ్యల ముద్ద బదులు పులియబెట్టిన సోయా గింజల ముద్ద ఇచ్చింది. ఆ ఉత్తరాది పల్లెల్లో ఆ గింజల్ని బిళ్ళలుగా తట్టి ఎండబెట్టుకుంటారట, మన వడియాల్లాగ.

ఇంక వంటశాల. పెంకుటి చావడి, చుట్టూ అరిటిచెట్లు, సన్నటి వాన. ఒక్కొక్కరి ముందూ ఒక పొయ్యి, ఒక రోలు. రోలంటే రెండు రకాలు. కూరల ముద్ద నూరడానికి నల్లరాతి రోలు, రాతి బండ. సలాడ్‌కి లోతైన మట్టిరోలు, చెక్క రోకలి.

మొదటి వంటకం సోమ్‌తమ్, పచ్చి బొప్పాయి సలాడ్. సోమ్ అంటే పులుపు, తమ్ అంటే దంచడం. ఇది మన పిల్లలు కూడా చెయ్యగలరు కనక చెప్తాను. 2 వెల్లుల్లి రేకలు, 2 చిన్న మిరపకాయలు కచ్చాపచ్చాగా దంచాలి. అంగుళం ముక్కలుగా తుంచిన 2 అలసందకాయలు, సగానికి కోసిన 6 చిన్న టొమాటోలు, 2 చెంచాల వేయించిన వేరుశనగ గుళ్ళు వేసి నలపాలి. 1 చెంచా తాటిబెల్లం, ఒకటిన్నర చెంచా నిమ్మరసం, 1 చెంచా సోయా సాస్ వేసి, ఆఖర్న సన్నగా తురిమిన పచ్చి బొప్పాయి 2 కప్పులు. ఒక చేత్తో రోకలి, ఇంకో చేత్తో పెద్ద చెంచా. ఒక పోటు వెయ్యడం, చెంచాతో కిందది పైకి తిప్పడం. ముక్క ముద్దవకూడదు. ఒళ్ళు నలిగి రసం పీల్చుకోవాలి, అంతే. మన ఏషియన్ కొట్లలో పచ్చి బొప్పాయి దొరుకుతుంది. లేకపోతే పచ్చిమామిడి కోరు బాగుంటుంది.

"ఇప్పుడు రుచి చూడండి" అంది ఖ్రూ. "పులుపు, తీపి, ఉప్పు, కారం. నాలుగూ నాలిక మీద విడివిడిగా కనపడాలి. ఏది కనపడకపోతే అది వెయ్యండి." మా వాడు రుచి చూసి "అమ్మా, ఇది ఉగాది పచ్చడి! వేపపువ్వు మాత్రం లేదు!" అని అరిచాడు. అందరికీ ఉగాది పచ్చడంటే ఏమిటో చెప్పాల్సి వచ్చింది. జర్మన్ ఆవిడ చేదు ఎందుకని అడిగితే మా అమ్మాయి గబుక్కున, "చేదు లేని సంవత్సరం ఉండదు కదండీ" అంది. ఇది ఎప్పుడు విన్నదో, ఎప్పుడు దాచుకున్నదో నాకు తెలియదు.

ఇంకో తమాషా ఖ్రూ చెప్పింది. వాళ్ళ భాషలో మిరపకాయ 'ప్రిక్', మిరియం 'ప్రిక్ థాయ్', అంటే థాయి ప్రిక్. మిరపకాయలు అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్ళతో వచ్చాక, అంతకు ముందున్న మిరియం పేరే వాటికి పెట్టేశారు. పాత మిరియానికి 'మనది' అని తోక తగిలించారు. మనమూ అంతేగా! మిరియపు కాయే మిరపకాయ అయింది. టొమాటో, వేరుశనగ, బొప్పాయి కూడా ఆ ఖండం నుంచి వచ్చినవే. "అంటే ఇవన్నీ మనలాగ ఊళ్ళు మారినవే" అన్నారు మా వారు. ఆయన అప్పటికే ఒక మూకుడు వెల్లుల్లి మాడ్చి ఉన్నారు కనక ఎవరూ పట్టించుకోలేదు.

తరవాత గ్రీన్ కర్రీ ముద్ద నూరాలి. వేయించిన ధనియాలు, జీలకర్ర, తెల్ల మిరియాలు ముందు. తరవాత ఉప్పు, నిమ్మగడ్డి, దుంపరాష్ట్రం, కొత్తిమీర వేళ్ళు, పచ్చిమిరపకాయలు. ఉల్లి, వెల్లుల్లి ఆఖర్న. పొడివి ముందు, తడివి తరవాత. గట్టివి ముందు, మెత్తనివి తరవాత. ఇరవై నిమిషాల పని. చావడి అంతా ఏడెనిమిది రోళ్ళ చప్పుడు.

అప్పుడు ఖ్రూ నవ్వుతూ ఒక మాట చెప్పింది. వెనకటి రోజుల్లో మగపిల్లాడి తరఫువాళ్ళు పిల్ల ఇంటి బయట నిలబడి రోటి చప్పుడు వినేవారట. గట్టిగా, ఒకే లయలో వినిపిస్తే, పిల్ల పనిమంతురాలని సంబంధం ఖాయం చేసుకునేవారట. అందరూ నవ్వారు. మా అమ్మాయి నవ్వకుండా, "మరి అబ్బాయిల చప్పుడు ఎవరు వినేవారు?" అని అడిగింది. ఖ్రూ ఒక క్షణం ఆగి, చెమటలు కక్కుతూ దంచుతున్న మా వాడి వైపు చూపించి, "ఇప్పుడు వింటున్నాంగా" అంది.

నా చేతిలో బండ ఆగిపోయింది.

1990 మార్చి. తెనాలిలో మా ఇల్లు. మర్నాడు నాకు పదోతరగతి లెక్కల పరీక్ష. చెప్పాపెట్టకుండా ఎనిమిదిమంది చుట్టాలు దిగారు. "ఒక్క దోసకాయ పచ్చడి నూరిపెట్టి వెళ్ళవే" అంది అమ్మ. పచ్చడి తరవాత పప్పు, పప్పు తరవాత అంట్లు. పెరట్లో నూతి పక్కన రోటి దగ్గర కూర్చుంటే గోడవతల మా తమ్ముడి క్రికెట్ ఆట వినపడుతోంది. వాడికి ఆ వారం పరీక్షలు కూడా లేవు. లెక్కల్లో మార్కులు బాగానే వచ్చాయి, అబద్ధమెందుకు? కానీ ఆ మధ్యాహ్నం మాత్రం నాతోనే ఉండిపోయింది. నాకు కూతురు పుడితే దాన్ని వంటింటి గడప తొక్కనివ్వనని ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను.

మాట నిలబెట్టుకున్నాను కూడా. మా అమ్మాయి ఆరేళ్ళప్పుడు పూరీ పిండి నొక్కుతానని వచ్చింది. "నీకెందుకమ్మా, వెళ్ళి చదువుకో" అన్నాను. పదేళ్ళప్పుడు పోపు వేస్తానంది. "వేడి నూనె, వద్దు" అన్నాను. పద్నాలుగేళ్ళు వచ్చేసరికి రావడం మానేసింది. నేను ఎంత స్వేచ్ఛ ఇచ్చిన తల్లినో అని లోపల్లోపల గర్వపడ్డాను.

ఆ మధ్యాహ్నం మేం చేసినవి మేమే తిన్నాం. మూకుట్లో కొబ్బరిపాల మీగడ నూనె తేలేదాకా మరిగించి, అందులో ముద్ద వేయించి చేసిన కూర. పక్కన వెదురు బుట్టల్లో ఆవిరికి ఉడికించిన జిగురన్నం. ఆ ఉత్తరాదిన దాన్ని చేత్తోనే ముద్ద చేసి, కూరలో అద్దుకుని తింటారు. మా అమ్మాయి కూర నాకు తినిపించి, నా మొహం వంక చూస్తూ కూర్చుంది. బాగుంది. నిజంగానే చాలా బాగుంది. "ఇంత బాగా చేస్తావని నాకు తెలీదే" అన్నాను.

"నీకెలా తెలుస్తుంది?" అంది. కోపంగా కాదు. "నువ్వు ఎప్పుడూ లోపలికి రానివ్వలేదు కదా. నాకు చేతకాదని, అంతా పాడుచేస్తానని నీ భయం అనుకున్నాను."

పదకొండేళ్ళో పన్నెండేళ్ళో ఆ పిల్ల అలా అనుకుంటూ పెరిగింది. నేను వరం అనుకుని ఇచ్చినది దాని దగ్గరికి వెళ్ళేసరికి తలుపు మొహాన వేసినట్టయింది. ఆ సాయంత్రం కందకం గట్టు మీద నడుస్తూ దానికి 1990 సంగతి మొదటిసారి చెప్పాను. అంతా విని, "బలవంతంగా చేయించడం తప్పు కానీ, అమ్మా, రోలేం చేసింది?" అంది.

మర్నాడు బజారులో నల్లరాతి రోలొకటి కొంది. అయిదు కిలోలు. పెట్టెల బరువు లెక్కలు చూసుకునే మా వారు కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలచుకున్నారు.

అక్కణ్ణుంచి తెనాలి. మా అమ్మకి 78 ఏళ్ళు, తమ్ముడి దగ్గర ఉంటుంది. 2022లో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మాట కొంచెం ముద్దగా వస్తుంది. పెరట్లో రోలు అక్కడే ఉంది గానీ, దాని మీద ఎవరో పూలకుండీ పెట్టేశారు. మా అమ్మాయి వెళ్ళి కుండీ దింపి, రోలు కడిగి, "అమ్మమ్మా, దోసకాయ పచ్చడి నేర్పు" అంది. నేను చెప్పమనలేదు. ఆ పచ్చడి పేరు దానికి కందకం గట్టు మీదే తెలిసింది.

అమ్మని కుర్చీతో సహా పెరట్లోకి తెచ్చాం. మొదటి పాఠం: "ముక్క కొరికి చూడు. ఒక్క చేదుకాయ పడితే పచ్చడంతా పోతుంది." తరవాత నూనెలో మెంతులు, ఆవాలు, ఎండుమిరపకాయలు, ఇంగువ. పోపు చల్లారాక ఉప్పుతో దంచడం, ఆపైన నానిన చింతపండు.

"ఎంత వెయ్యాలి అమ్మమ్మా?"

"తగినంత."

"తగినంత అంటే ఎంత?"

అమ్మ ఎడంచేత్తో చింతపండు తుంచి దాని అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. "ఇంత." మా అమ్మాయి కాసేపు ఆ పిడికిలి అలాగే పట్టుకుంది.

ముక్కలు వేసే వేళకి మా వాడు వంతు అడిగాడు. "ముక్క చితక్కూడదు, నలగాలి" అంది అమ్మ. "తెలుసు, సోమ్‌తమ్ లాగ" అన్నాడు వాడు. అమ్మకి ఏం అర్థమయిందో గానీ తలూపింది. వాడు దంచుతూ మధ్యమధ్య ఓ ముక్క నోట్లో వేసుకుంటున్నాడు. "దంచినమ్మకు బొక్కిందే కూలి" అని నవ్వి, అమ్మ వాడినే చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి, నా వైపు తిరక్కుండానే అంది:

"ఆ రోజు వాడు ఆడుకుంటూనే ఉన్నాడు కదే. మగపిల్లాణ్ణి పిలవచ్చని నాకు తోచనే లేదు."

ఏ రోజు అని నేనడగలేదు. ముప్ఫై నాలుగేళ్ళు నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను. అమ్మకీ గుర్తుంది! నేను ఏదో అనబోతుంటే, గుమ్మంలో నిలబడ్డ మా తమ్ముడు "ఇప్పుడు ఆదివారాలు పెసరట్లు నేనే వేస్తున్నానులే అక్కా" అన్నాడు. అందరం నవ్వాం. అమ్మ ఎడంచేతి వేలితో పచ్చడి నాలిక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తీర్పు చెప్పింది. "ఉప్పు చాల్లేదు."

మేం తిరిగొచ్చిన ఆరు నెలలకి, 2024 డిసెంబరులో, థాయిలాండ్ వారి టామ్ యమ్ కుంగ్‌ని యునెస్కో సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చిందని పేపర్లో చదివాను. పులుపూ కారమూ కలిసిన రొయ్యల చారు అది. మంచిదే. మా అమ్మ దోసకాయ పచ్చడి ఏ జాబితాలోకీ ఎక్కదు. దాన్ని నిలబెట్టేది, "ఇంత" అని అరచేతిలో పెట్టేవాళ్ళూ, ఆ పిడికిలి మూసుకునేవాళ్ళూ.

అయిదు కిలోల రోలు ఇప్పుడు మా అమ్మాయితో కాలేజీలో ఉంది. మొదటి అక్టోబరులో ఓ రాత్రి ఫోన్ చేసింది. "అమ్మా, పక్క గదివాళ్ళు ఆ చప్పుడేమిటని అడుగుతున్నారు. తిని చూడమని పిలిచాను. పోపులో ముందు మెంతులా, ఆవాలా?" చెప్పాను. ఫోన్ పక్కన పెట్టి దంచడం మొదలెట్టింది. లయ ఇంకా కుదరలేదు. ఒక పోటు గట్టిగా, ఒకటి మెల్లిగా. కోడల్ని వెతుక్కునేవాళ్ళు బయట నిలబడి వింటే వెళ్ళిపోయేవారేమో. నేను మాత్రం అది ముగించేదాకా ఫోన్ పెట్టెయ్యలేదు.

ఇక్కడ శనివారం పచ్చడి మా వాడిది. కూలి ఎప్పటిలాగే బొక్కినంత. మీ వంటింటి గడప దగ్గర కూడా ఎవరైనా తచ్చాడుతుంటే, అమ్మాయైనా అబ్బాయైనా, ఒక్కసారి లోపలికి పిలిచి చూడండి. వంటిల్లు కాస్త పాడవుతుంది. ఫరవాలేదు.